బడి బస్సులో బిడ్డను పట్టియుంచునదేది?

జూన్ నెలలో బడులు తెరచినది మొదలు ఉదయము ఏడున్నర గంటల వేళ మన పట్టణములలో ప్రతి సందు మొగలోను కనిపించు దృశ్యమొకటి కలదు. భుజమున పుస్తకాల సంచి, చేత నీళ్ళ సీసా, అన్నపు క్యారియరు పట్టుకొని పిల్లలు నిలిచియుందురు; ప్రక్కన తల్లియో, తాతగారో ఉందురు. పసుపుపచ్చని బస్సు వచ్చి ఆగును. క్లీనరు తలుపు తీయును. బిడ్డ ఎక్కును, బస్సు కదలును, తల్లి ఇంటిలోనికి మరలును. అది మొదలు బడి గుమ్మము చేరువరకు ఆ బిడ్డ క్షేమము పరుల చేతిలోనిది.

మా ప్రసంగములు విను ఇల్లాలొకరు ఇటీవల మాకిట్లు వ్రాసినారు: "మా కారులో పిల్లవానికి బెల్టు పెట్టనిదే మావారు బండి కదపరు. అదే పిల్లవాడు బడి బస్సులో ఏ బెల్టును లేకుండ రోజూ పది మైళ్ళు పోయి వచ్చుచున్నాడు. కారులో అంత అవసరమైనది బస్సులో ఎందుకక్కరలేదు?" ప్రశ్న చిన్నదే. కాని దీనిపై అమెరికాలో నలుబది ఏండ్లకు పైగా ఇంజనీర్లు, వైద్యులు, శాసనకర్తలు, తల్లిదండ్రులు వాదించుకొనుచునే యున్నారు. ఆ వాదము పూర్తిగా తెగలేదు. ఐనను దాని పూర్వాపరములు తెలిసికొన్నచో మన వీధిలోనికి వచ్చు బస్సును మనము చూచు చూపు మారును. అందుచేత నేడు దానిని కొంత విపులముగా చెప్పదలచినాము.

ముందుగా బెల్టు చేయు పని యేమో చూతము. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బస్సులో కూర్చున్న బిడ్డ కూడ 40 కిలోమీటర్ల వేగముతోనే పోవుచుండును. బస్సు చెట్టునకు కొట్టుకొని హఠాత్తుగా ఆగినదనుకొందము. ఆగినది బస్సు మాత్రమే, బిడ్డ ఆగలేదు. ఏదియో ఒక వస్తువు అడ్డుపడి ఆపువరకు బిడ్డ అదే వేగముతో ముందునకు దూసికొనిపోవును. ఆ వేగమెంతటిదనగా, రెండంతస్తుల మేడపైనుండి, అనగా ఆరు మీటర్లకు పైబడిన ఎత్తునుండి, క్రిందపడినవాడు నేలను తాకునప్పటి వేగమంత. అట్లు పోవు బిడ్డను ఆపునది ముందు సీటునకున్న ఇనుప గొట్టమా, మెత్తని దిండా, నడుమునకును భుజమునకును చుట్టిన పట్టీయా అనునదే ప్రశ్న యంతయు. ఆపునది ఎంత నిదానముగా, దేహముపై ఎంత మేర విస్తరించి ఆపిన, దెబ్బ అంత తగ్గును.

"ఒడిలో పెట్టుకొని గట్టిగా పట్టుకొందును" అను తల్లులున్నారు. ఆ మాటలో ప్రేమయున్నది గాని లెక్క లేదు. 40 కిలోమీటర్ల వేగము సెకనులో పదవవంతున ఆగిపోయినచో 15 కిలోల బిడ్డ చేతులకు 150 కిలోలకు మించిన బరువై తోచును. బియ్యపు బస్తాను ఎగిరిపోకుండ రెండు చేతులతో ఆపగలవారెవరు?

నడుమును, భుజమును కలిపి పట్టు మూడు కొనల బెల్టును స్వీడన్ దేశములోని వోల్వో కార్ల కంపెనీలో ఇంజనీరుగా నుండిన నీల్స్ బోలిన్ 1959లో రూపొందించెను. కంపెనీవారు దానిని తమ గుప్పిటనుంచుకొనక ఇతరులకును వాడుకొననిచ్చిరి. నేడు లోకములోని కార్లన్నిటిలోను ఉన్నది అదే. మరి బస్సు మాటయేమి?

బస్సు కారు వంటిది కాదు. దాని బరువే బిడ్డకు మొదటి రక్ష. పది టన్నుల బస్సును, ఒక టన్ను కారును గంటకు 40 కిలోమీటర్ల చొప్పున ఎదురెదురుగా వచ్చి ఢీకొని, ఒకదానినొకటి కరచుకొని సాగినవనుకొందము. బస్సు వేగములో తగ్గునది ఏడు కిలోమీటర్ల పైచిల్లర మాత్రమే. కారు సంగతి వేరు. ముందునకు 40తో వచ్చినది కాస్తా వెనుకకు 33తో నెట్టబడును. అనగా రెప్పపాటులో దాని వేగము 73 కిలోమీటర్ల మేర మారిపోయినది. ఒకే ప్రమాదములో కారులోని బిడ్డకును బస్సులోని బిడ్డకును ఇంత వ్యత్యాసము. పైగా బస్సులో పిల్లలు ఎత్తున కూర్చుందురు. కారు తాకుచోటు వారి కాళ్ళ క్రింద ఉండును. ఐతే బస్సునకు ఎదురైనది లారీయో, వంతెన గోడయో అయినచో ఈ లెక్క చెల్లదని వేరుగ చెప్పనక్కరలేదు.

అమెరికాలో బడి బస్సునకు పసుపురంగు నిర్ణయమైనది 1939లో. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన టీచర్స్ కళాశాలలో ఫ్రాంక్ సైర్ అను ఆచార్యుడు వివిధ రాష్ట్రముల ప్రతినిధులను, బస్సులు కట్టువారిని సమావేశపరచెను. తెల్లవారుజామున, మునిమాపు వేళ ఆ రంగు, దానిపై నల్లని అక్షరములు సులభముగా కంటబడునని అందరును ఒప్పుకొనిరి. మన బస్సుల పసుపురంగునకును అదే ప్రయోజనము. కాని రంగు ఇతరులను హెచ్చరించునే గాని లోపలి బిడ్డను కాపాడదు గదా! లోపలి విషయమై అచ్చట గట్టి నిబంధన వచ్చుటకు మరి నాలుగు దశాబ్దులు పట్టినది.

1977 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన ఆ నిబంధన ప్రకారము పెద్ద బస్సులలో బెల్టు నిర్బంధము కాలేదు. దానికి బదులు సీటునే కవచముగా చేసిరి. సీటు వీపు ఎత్తుగా, ముందువెనుకల దట్టమైన మెత్తతో ఉండవలెను. గట్టిగా తాకినపుడు అది విరుగక, కొంత వంగి ఆ తాకిడిని తనలో ఇముడ్చుకొనవలెను. రెండు సీట్ల నడుమ దూరము మితముగా నుండవలెను. మామిడిపండ్లను బుట్టలో పేర్చువారు ఒక్కొక్క పండును కట్టివేయరు. అడుగున, అంచున, నడుమ వరిగడ్డి కూరుదురు. బుట్ట ఎంత కుదిపినను పండు ప్రక్క గడ్డికి ఆనుకొని నిలుచును. ఆ ఇంజనీర్ల ఆలోచనయు ఇట్టిదే. తరువాతి కాలమున సీటు వీపు ఎత్తును 20 అంగుళముల నుండి 24 అంగుళములకు పెంచిరి.

ఈ ఏర్పాటు మంచి ఫలమునే ఇచ్చినది. సొంత కార్లలో బడికి పోవు పిల్లలకంటె పసుపు బస్సులో పోవు పిల్లలే ఎంతో క్షేమముగా నున్నారని అచ్చటి లెక్కలు ఏటేట చూపుచున్నవి. కనుక పెద్ద బస్సులో బెల్టు లేకపోవుట అచ్చట అశ్రద్ధ కాదు. ఆలోచించి చేసిన ఏర్పాటు. అదే నిబంధనలో నాలుగున్నర టన్నుల లోపు చిన్న బస్సులకు మాత్రము బెల్టు తప్పనిసరి చేసిరి. ఏలయన వానికి బరువు అను రక్ష లేదు. మొదట నడుము పట్టీ చాలుననిరి. 2011 నుండి కొత్తగా కట్టు చిన్న బస్సులకు మూడు కొనల బెల్టే ఉండవలెననిరి.

కాని బుట్ట తలక్రిందులైనచో వరిగడ్డి యేమి చేయును? మెత్తని సీటు ముందునుండి వచ్చు దెబ్బకే కవచము. బస్సు దొర్లినపుడుగాని, ప్రక్కనుండి లారీ ఢీకొన్నపుడుగాని బిడ్డ సీటునుండి ఎగిరి, ఇనుప కప్పునకో, కిటికీకో, తోటి బిడ్డకో తగులును. 2016 నవంబరు 21న టెన్నెస్సీ రాష్ట్రములోని చాటనూగాలో బడి పిల్లల బస్సొకటి అతివేగమున మలుపు తప్పి, పల్టీకొట్టి చెట్టును చుట్టుకొనినది. ఆరుగురు పిల్లలు మరణించిరి. డ్రైవరు అప్పుడు టెలిఫోనులో మాట్లాడుచుండెనని విచారణలో తేలినది. ఆ దేశపు రవాణా ప్రమాద విచారణ సంఘము 2018లో కొత్త పెద్ద బస్సులకును నడుమును భుజమును పట్టు బెల్టు ఉండవలెనని రాష్ట్రములకు సలహా ఇచ్చినది. అంతకు మునుపే, 2015 నవంబరులో, రహదారి భద్రతా శాఖ అధిపతి మార్క్ రోజ్‌కైండ్ తమ శాఖ పాత అభిప్రాయమును మార్చుకొని, ప్రతి బడి బస్సులోను ప్రతి బిడ్డకును మూడు కొనల బెల్టు ఉండవలెనని ప్రకటించెను. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రములు దానిని చట్టము చేసినవి. దేశమంతటికి మాత్రము నిర్బంధము కాలేదు.

ఎందుకు కాలేదు? డబ్బు ఒక కారణము. కాని దాని వెనుక ఆలోచింపదగిన తర్కమొకటి యున్నది. ముగ్గురు పసివారు ఇరుకుకొని కూర్చుండు సీటులో బెల్టులు పెట్టినచో, పాత నమూనాలలో ఇద్దరికే చోటుండెడిది. బస్సులో చోటు తగ్గినను, ఖర్చు పెరిగినను కొందరు పిల్లలు బస్సు మాని నడకనో, సైకిలుమీదనో, అన్నగారి కారులోనో బడికి పోవుదురు. ఆ దారులన్నియు బస్సుకంటె ప్రమాదకరములే. బస్సులో ఒకనిని కాపాడబోయి వీధిలో ఇద్దరిని పోగొట్టుకొందుమా అని ఆ శాఖవారి వెనుకటి సందేహము. ఇపుడు ముగ్గురు చిన్నవారికో, ఇద్దరు పెద్దవారికో సరిపోవునట్లు మార్చుకొనదగిన బెల్టు సీట్లు వచ్చినవి గనుక ఆ అభ్యంతరము కొంత బలము కోల్పోయినది.

నడుము పట్టీ ఒక్కటే ఉన్నను మేలేగదా అని కొందరనుకొనవచ్చును. అది సందేహాస్పదము. 1984లో కెనడా రవాణా శాఖవారు పిల్లల ప్రమాణములోని బొమ్మలను బస్సులలో కూర్చుండబెట్టి, బస్సులను గోడకు ఢీకొట్టించి పరీక్షించిరి. ఎదురుదెబ్బ తగిలినపుడు నడుము మాత్రము కట్టిన బొమ్మ కొడవలివలె ముందునకు వంగి, తల ముందు సీటునకు గట్టిగా మోదుకొన్నది. తలకును మెడకును తగులు దెబ్బ కట్టని బొమ్మకంటె ఎక్కువయ్యెను. భుజపు పట్టీ లేని బెల్టును గూర్చి మా అభిప్రాయమును ఈ ఫలితమును చూచియే ఏర్పరచుకొన్నాము. పట్టీ పడుచోటు కూడ ముఖ్యమే. అది కడుపుమీద కాదు, తుంటి ఎముకలపై ఆనవలెను. భుజపు పట్టీ మెడను కోయక, రొమ్ము నడిమినుండి పోవలెను. కారులోని బెల్టు పెద్దవారి కొలతకు కుట్టినది. నాలుగడుగుల తొమ్మిదంగుళముల ఎత్తు రాని బిడ్డకు దానితో పాటు ఎత్తుపీటవంటి ప్రత్యేకాసనము కావలెను.

బెల్టును వ్యతిరేకించువారు చెప్పు మరియొక భయము నిప్పు. 1988 మే 14న కెంటకీ రాష్ట్రములో కారల్టన్ పట్టణము దగ్గర, త్రాగి తప్పుదారిని వచ్చిన ట్రక్కు ఒకటి ఒక చర్చివారి బస్సును ఢీకొన్నది. అది పూర్వము బడి బస్సుగా నుండినదే. 1977 నాటి నిబంధనలు అమలులోనికి రాక మునుపు కట్టినది. ఢీకొన్న దెబ్బకు లోపలివారెవరును చనిపోలేదు. పెట్రోలు తొట్టి పగిలి, మంటలు లేచి, ముందు తలుపు మూసికొనిపోయి, వెనుక తలుపు దగ్గర తొక్కిసలాడి, పొగకు ఉక్కిరిబిక్కిరియై 27 మంది అసువులు బాసిరి. వారిలో 24 మంది పిల్లలు. బెల్టు కట్టినచో పసివారు విప్పుకొని బయటపడగలరా అని దీని తరువాత అందరు తల్లులును అడిగిరి. ఒక్క నొక్కుతో ఊడు బెల్టును విప్పుట బడి పిల్లలకు నేర్పవచ్చును. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిన బిడ్డకు పరుగెత్తుట నేర్పుట ఎవరితరము కాదు. ఇంజనీర్ల సమాధానమిది, మాకును సమంజసముగా తోచుచున్నది. అయితే ఆ ప్రమాదము చెప్పిన అసలు సంగతి తలుపులను గూర్చినది: బస్సునుండి బయటపడు దారి ఒకటికంటె ఎక్కువ ఉండవలెను, ఆ దారికి ఏ సామానును అడ్డముండరాదు.

ఇక మన దేశమునకు వత్తము. 1997 నవంబరు 18న ఢిల్లీలో వజీరాబాదు దగ్గర, పిల్లలతో క్రిక్కిరిసిన బడి బస్సు యమునా నదిలో పడి 28 మంది పిల్లలు మరణించిరి. ఆ నవంబరు, డిసెంబరు నెలలలోనే సుప్రీం కోర్టు బడి బస్సులను గూర్చి ఆజ్ఞలు చేసినది. నేడు మనము చూచు ఏర్పాటులు అనేకము ఆ ఆజ్ఞలనుండియు, వాని వెంట వచ్చిన నిబంధనలనుండియు పుట్టినవే: మూయుటకు వీలైన తలుపు, వేగమునకు కళ్ళెము, మందుల పెట్టె, నిప్పునార్పు సాధనము, కిటికీల కడ్డీలు, తోడుమనిషి, భారీ బండ్లు నడుపుటలో అయిదేండ్ల అనుభవముగల డ్రైవరు. కిటికీ కడ్డీలు పిల్లల చేతులు బయటికి పోకుండ ఆపును, నిజమే. నిప్పు పుట్టిననాడు అవే పంజరపు కడ్డీలగును. కావున కడ్డీలున్న బస్సులో వెనుక తలుపు సులభముగా తెరచుకొనుచున్నదా లేదా అని చూచుట మరింత అవసరము.

మన తెలుగువారు మరువరాని తేదీ 2014 జూలై 24. మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలాలేని రైలుగేటును దాటుచున్న బడి బస్సును నాందేడు నుండి సికింద్రాబాదు వచ్చు పాసింజరు రైలు ఢీకొన్నది. కన్నుమూసిన పసివారు 14 మందికి తక్కువ కారు. ఏ బెల్టును, ఏ మెత్తని సీటును రైలు దెబ్బకు నిలువలేదు. నిలుపవలసినది బస్సును, గేటునకు ఇవతల. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 131వ సెక్షను అదే చెప్పుచున్నది: కాపలాలేని గేటువద్ద డ్రైవరు బండి ఆపవలెను, కండక్టరో, క్లీనరో దిగి పట్టాల దాక నడిచి, రైలు రాలేదని చూచి, ముందు నడచి బండిని దాటింపవలెను. 2019 జనవరి 31 నాటికి మన రైల్వేవారు బ్రాడ్‌గేజి మార్గములలో కాపలాలేని గేట్లను పూర్తిగా తొలగించిరి. అట్టి ప్రమాదమునకు మందు అదియే.

మరి ఇల్లాలు అడిగిన ప్రశ్నకు సమాధానమేమి? అమెరికా బస్సులో బెల్టు లేకున్నను బిడ్డను పట్టుకొనునది ఒకటున్నది: ఎత్తైన, మెత్తని సీటు. మన బస్సులలో అనేకమునందు సీటు వీపు పొట్టి. దానిపై చేతిపట్టు కొరకు ఇనుప గొట్టము. ఆ గొట్టము కూర్చున్న బిడ్డ మూతికి సరిగా ఎదురుగా నుండును. అనగా అచ్చట బెల్టు అక్కరలేదన్న వాదమునకు ఆధారమైన సీటు ఇచ్చట లేదు. కనుక అమెరికావారే పెట్టలేదుగదా అను మాటను మన బడి యాజమాన్యములు చెప్పుకొన వీలులేదు. బెల్టు పెట్టవలెను, లేదా సీటు మార్చవలెను. రెండును చేసినచో మరింత మంచిది. ఇక నిలుచుండి పోవు బిడ్డకు సీటును లేదు, బెల్టును లేదు. ఫీజు కట్టించుకొని బిడ్డను నిలువబెట్టి తీసికొనిపోవు బస్సును తల్లిదండ్రులు సహించుట మాకు వింతగా తోచును.

2019లో సవరించిన చట్టములో 194-బి అను సెక్షను చేరినది. 14 ఏండ్లు నిండని బిడ్డను బెల్టుగాని, పిల్లల ప్రత్యేకాసనముగాని లేకుండ ఎక్కించుకొని బండి నడిపినవారికి, నడపనిచ్చినవారికి 1000 రూపాయల జరిమానా విధింపవచ్చును. ఈ సెక్షను చదివి, బడివేళ మన వీధిలో పోవు ఆటోను చూచినచో నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు. సంచులు బయట వ్రేలాడుచుండును. డ్రైవరునకు ఇరుప్రక్కల ఇద్దరు పిల్లలు అర సీటుమీద ఆనియుందురు. ఆ బండికి బస్సునకున్న బరువు లేదు, ఎత్తు లేదు, తలుపు లేదు. బస్సు ఫీజు భారమై ఆటోకు మారిన తల్లిదండ్రులను మేము నిందింపము. వారికి అందుబాటులో బస్సు లేకుండుటయే అసలు లోపము. అమెరికా శాఖవారి సందేహము మన వీధులలో ఇట్లు కంటికి కనిపించుచున్నది.

తల్లిదండ్రులు చేయదగినది లేకపోలేదు. ఒకనాడు బడి అనుమతితో బస్సెక్కి, బిడ్డ కూర్చుండు సీటులో కూర్చుండి చూడుడు. మీ ముందు గొట్టమున్నదా, మెత్తయున్నదా, బెల్టున్నచో దాని కొక్కెము పట్టుచున్నదా, వెనుక తలుపునకు తాళము వేసియున్నదా అనునవి అయిదు నిమిషములలో తెలియును. బిడ్డకు చెప్పవలసినది వీపు సీటుకు ఆనించి ముందువైపు తిరిగి కూర్చుండుమని. వెనుక సీటు మిత్రునితో మాట్లాడుటకు మోకాళ్ళపై కూర్చున్న బిడ్డను ఏ సీటును కాపాడలేదు.

చివరగా, బస్సు ఆగిన తరువాతి సంగతి. అమెరికాలో బస్సు లోపలకంటె బస్సు వెలుపల, ఎక్కుచు దిగుచు ప్రాణములు కోల్పోవు పిల్లలే ఎక్కువ. అందుచేతనే అచ్చట బడి బస్సు ఎఱ్ఱదీపములు వెలిగించి, ప్రక్కకు "ఆగుము" అను పలక చాచినపుడు వెనుకనుండియు ఎదురుగను వచ్చు బండ్లు ఆగవలెనని చట్టము చేసిరి. మన రహదారులపై ఆ మర్యాద ఇంకను పుట్టలేదు. బస్సు చుట్టును పది అడుగుల మేర, ముఖ్యముగా ముందు చక్రముల దగ్గర, వంగిన బిడ్డ డ్రైవరునకు కనబడదు. చేతిలోని సీసా జారి బస్సు క్రిందికి దొర్లినచో తీసికొనుటకు వంగరాదని, డ్రైవరునకో ఆయాకో చెప్పవలెనని ముందే నేర్పి యుంచవలెను. సాయంకాలము బిడ్డకొరకు ఎదురుచూచువారు బస్సు ఆగు ప్రక్కనే నిలువవలెను. ఎదుటి గట్టున నిలిచి చేయి ఊపినచో బిడ్డ తల్లిని చూచునే గాని, వచ్చు లారీని చూడదు.